గొడ్లకొట్టం బోరు

నాసిక్ దగ్గర కాల్వ పనిలో దేవరాజు గొంతంటే ఇంజనీరుకు హడల్. మూడు వందల మంది పాలమూరు కూలీల ముందు నిలబడి, "నీళ్ల ట్యాంకరు రాకుంటే గడ్డపార ముట్టం" అని రెండు రోజులు పని ఆపించిన మనిషి. మూడో నాడు పొద్దున్నే ట్యాంకరు వచ్చింది. ఆ సంగతి ఆయన కంటే పెళ్లాం ఈరమ్మే ఎక్కువ చెప్పుకుంది. అందుకే ఎనభై ఆరు ఎండాకాలంలో తమ ఊరికి సర్కారు బోరు వస్తుందనగానే వాడ ఆడవాళ్లకు ధైర్యం చెప్పింది కూడా ఆమే.

"మా ఆయన మాట్లాడ్తడు. మీరు ఎన్క నిలవడుండ్రి, సాలు."

మాట్లాడాల్సింది ఒక్కటే. బోరు మా వాడలో వెయ్యండి. ఇటిక్యాల అవతల ఆ ఊళ్లో ఉన్నది ఒకటే బావి. వాడవాళ్లు చేద ముట్టకూడదు. బిందె దూరంగా పెట్టి కూచుంటే, దయ పుట్టినవాళ్లు పైనుంచి వంపుతారు. ఆ ఎండాకాలం ఎవరికీ దయ పుట్టలేదు. ఈరమ్మ బిడ్డ వాగు ఇసుకలో తవ్విన చెలమ నీళ్లు తాగి, వాంతులతో వారం నుంచి మంచం దిగలేదు.

మీటింగు పటేలు అరుగు మీద పెట్టారు. ఇంకెక్కడ పెడతారు? ఆఫీసరుకు కుర్చీ, పటేలుకు కుర్చీ, వాడకు ఎండ. సందు మలుపులోనే దేవరాజు చెప్పులు విడిచి చేత పట్టుకున్నాడు.

"తొడుక్కో" అంది ఈరమ్మ.

"ఊకోయే."

ఆఫీసరు వాడ దిక్కు చూసి, "మీ వాడలో కూడా నీళ్లు పడతాయని తేలింది. మీరేమంటారు?" అని అడిగాడు. దేవరాజు గొంతు సవరించుకున్నాడు. అప్పుడే పటేలు పలకరించాడు. తిట్టలేదు, బెదిరించలేదు. నవ్వాడు.

"ఏంరా దేవరాజు, ఎప్పుడొచ్చినవ్? బిడ్డకు పానం బాగలేదంట గద. రేపు బండి కట్టిస్త, జర దవాఖానకు తీస్కపో."

తాత వంగిన చోటది, తండ్రి వంగిన చోటది. ఇంజనీరు ముందు నిటారుగా నిలిచిన ఆ వీపు అక్కడ దానంతటదే వంగింది.

"మీరు యాడంటె ఆడనే, పటేలా."

బోరు పటేలు గొడ్లకొట్టం పక్కనని కాగితం రాశారు. వాడకు సమ్మతమేనని వేలిముద్రలు పెట్టించారు. పెద్దన్న వేశాడు. తిమ్మమ్మ వేసింది. ఈరమ్మ పిడికిలి బిగించింది.

"నేనెయ్య."

"మొగుడే ఒప్పుకున్నంక నీదేందే?" అన్నాడు పంచాయతీ గుమాస్తా.

"ఆయన ఒప్పుకున్నడు. దూప నాకయితుంది."

ఒక్క ముద్రకు కాగితం ఆగదు. ఆగలేదు. రెండో నాడే బోరు బండి వచ్చి కొట్టం పక్కన నిలిచింది. పటేలు కట్టిస్తానన్న బండి మాత్రం రాలేదు. మొగుడూ పెళ్లాం బిడ్డను మార్చి మార్చి మోసుకుంటూ గద్వాల దారి పట్టారు.

"నీ పిడికిలికే బండి పోయింది" అన్నాడు దేవరాజు. "ఊళ్లె బతకాలె గద మనం."

"ఏడాదికి ఎనిమిది నెలలు యాడ బతుకుతున్నం?"

ఆయన బిడ్డను ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"బిడ్డను ఇటియ్యి" అని ఈరమ్మ భుజాన వేసుకుంది. ఒంట్లో నీరు లేని బిడ్డ. బరువే లేదు.