తోరణానికి రెండు మేకులు

"ఒక్క చుక్క కూడా పడలేదు మనూ! రాత్రంతా కుండపోత కదా, లోపల నేల అప్పడంలా పొడిగా ఉంది!"

చక్రపాణి ఫోన్‌లో అరుస్తుంటే, ఇండియన్ స్టోర్‌లో బిల్లు వరసలో నిలబడ్డ మనీషా మామిడాకుల ప్యాకెట్‌ని గుండెకు హత్తుకుని గంతేసింది. వెనకున్న ఆంటీ ముఖం వెలిగిపోయింది.

"ఏమ్మా, విశేషమా?"

"అవునాంటీ! మా ట్రైలర్ కారట్లేదు!"

ఆంటీ ఏమనుకుందో చూసే ఓపిక ఆమెకు లేదు.

పెళ్ళయిన నెలకే, కారు వెనక తగిలించుకెళ్ళే ఆ పాత ట్రైలర్‌ని, చక్రాల మీది చిన్న ఇల్లులాంటి దాన్ని, ఒక రైతు కొట్టం వెనక చూసి ఇద్దరూ మనసు పారేసుకున్నారు. కొని తెచ్చి, మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్‌లోని తమ ఇంటి ముందు డ్రైవ్‌వేలో పెట్టి, కుళ్ళిన నేల పీకి కొత్త ప్లైవుడ్ పరిచారు. ఆమె పాత వెంకటగిరి చీర కిటికీలకు కర్టెన్లయింది. అంతా బాగానే ఉంది గానీ, వాన పడితే చాలు, తలుపు పైనుంచి ధార. చక్రి అతుకులన్నీ సీలెంట్‌తో మూశాడు, కారింది. గీకేసి మళ్ళీ మూశాడు, మళ్ళీ కారింది. కారు తలుపుల్లోకి నీళ్ళు రాకుండా చూడటమే అతని ఉద్యోగం మరి, ఆఫీసులో ఫ్రెండ్స్ ఊరుకుంటారా!

ఉబ్బిన ప్లైవుడ్ చూసి ఏడుపొచ్చి, "ఇంకోసారి కారితే అమ్మేద్దాం" అనేసింది మనీషా. అన్నప్పటి నుంచీ నాలుక కరుచుకుంటూనే ఉంది. ఆ బుల్లి వంటగట్టు దగ్గర ఆమె మనసులో ఎప్పుడో కాపురం పెట్టేసింది. చక్రి పట్టు వదలకుండా మూడోసారీ గీకి మూశాడు.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా ట్రైలర్‌లోకి దూరి నేలంతా అరచేత్తో తడిమింది. నిజంగానే పొడి! గబగబా ఆకులు గుచ్చి, బయటికొచ్చి స్టూలెక్కి, తలుపు పైన మేకు ఆనించి సుత్తి ఎత్తింది.

"ఆగు!" చక్రి కేక పెట్టాడు.

"పడనులే బాబూ, స్టూల్ పట్టుకో."

"అది కాదు. పోయినసారి తోరణం ఎప్పుడు కట్టాం?"

"నువ్వు సీల్ చేసిన సాయంత్రం."

"అంతకు ముందు?"

"అప్పుడూ అంతే. ఈసారే స్టోర్‌లో ఇవాళ్టిదాకా ఆకులు దొరక్క..."

సుత్తి దానంతటదే కిందికి దిగింది. రెండుసార్లూ, అతను మూసిన రేకుకి ఆమె శ్రద్ధగా రెండేసి చిల్లులు పెట్టింది!

"అంటే నేనేనా?"

"నేనేం తక్కువ? రెండుసార్లూ ఈ స్టూల్ పట్టుకున్నది నేనేగా."

"అయ్యో నా సీలెంట్ ఇంజనీరూ!" అంటూ ఆమె స్టూలు మీదే నవ్వుతూ కూలబడింది. అతను కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు.

ఫ్రిజ్ మీది మాగ్నెట్లు తెచ్చి చూశారు. అల్యూమినియం రేకు కదా, జారి కాళ్ళ మీద పడ్డాయి. చివరికి దారం ఒక కొస బయటి దీపానికీ, రెండోది తలుపు పక్క హ్యాండిల్‌కీ కట్టారు. తోరణం ఏటవాలుగా వేలాడింది.

"వంకరగా లేదూ?" అన్నాడు చక్రి.

"ఉండనీ. కారట్లేదుగా!" ట్రైలర్ మెట్టు మీద నిలబడి మనీషా ప్రకటించింది. "రేపు పొద్దున్నే లేక్ మిషిగన్‌కి బయల్దేరుతున్నాం. ఒడ్డున ఆపి, మన స్టవ్ మీదే పాలు పొంగిస్తాను. ఆ ప్లైవుడ్ మీద ఏదైనా ఒలికితే అవి పాలే కావాలి!"