ఈశాన్యం మూల

మొయినాబాద్‌లో మేం ఇల్లు కట్టిన ఏడాది అందరికీ డూప్లెక్స్ పిచ్చి పట్టింది. పక్కింటి సాఫ్ట్‌వేర్ తాతారావు గారిది చూసి, మా ఆయన ధనరాజ్ కూడా అలాంటిదే కావాలన్నాడు. కింద ఒక లెట్రిన్ పెట్టిద్దామని నేను మొత్తుకున్నాను. మా అత్త రామమ్మ వినలేదు.

"అన్నం వండే కాడ, దేవుని అర్ర పక్కన దొడ్డికి పోవుడేందే? సిగ్గు లేదా?" అంది.

దాంతో ఉన్న రెండు లెట్రిన్లూ మేడెక్కాయి.

ఇప్పుడు ఆమే తుంటి ఎముక విరిగి, ఆపరేషనై, కింద హాల్లో మంచం మీద ఉంది. మేడ మీద ఉండమంటే, వాకిలి కనపడకపోతే పాణం నిలవదంటుంది. మంచం మీదే కానిద్దామంటే మొహం తిప్పుకుంటుంది. అవసరమైనప్పుడల్లా ధనరాజ్ ఎత్తుకుని మెట్లెక్కాలి. మరి అతను డ్యూటీకి పోతే? దానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. నీళ్లు తాగడం మానేసింది. పెదాలు పగిలాయి, ఒంటేలు మంట మొదలైంది. డాక్టరు తిడితే తలూపుతుంది, గ్లాసు మాత్రం ముట్టదు. ఆ మొండితనానికి నాకు ఒళ్లు మండేది, వెంటనే ఏడుపూ వచ్చేది.

ఇక కింద కట్టాల్సిందేనని పట్టుబట్టాను. మేడ మీది లెట్రిన్ల గుంత అప్పటికే నిండుతోంది కాబట్టి దీనికి వేరే గుంత తవ్వాలి. వాస్తు సిద్ధాంతి వచ్చి వాయవ్యం మూల చూపించాడు. మేస్త్రీ కుర్మయ్య అక్కడ ముగ్గు పోశాడు. మర్నాడు పంచాయతీ సెక్రటరీ సాముయేలు తనిఖీకి వచ్చి, గోడ మీంచి అవతలికి తొంగిచూశాడు.

"అగో, పక్కింటోళ్ల బోరు. గీడ గుంత తవ్వితే మీ మురికి వాళ్లు తాగాలె. నేను పర్మిషన్ ఇయ్య."

"మరేడ తవ్వాలె సార్?" అన్నాడు ధనరాజ్.

సాముయేలు ఇంటి చుట్టూ తిరిగాడు. మాకు బోరు పడలేదు, నల్లా నీళ్లే. కాబట్టి బోరుకని వదిలిన ఈశాన్యం మూల ఖాళీగా ఉంది, సరిగ్గా దేవుడి గది గోడ వెనక. గుంతకు చోటున్నది అక్కడే.

"ఈశాన్యంల లెట్రినా?" ధనరాజ్ మొహం మాడిపోయింది. "ఇల్లు మునుగుతది సార్. సిద్ధాంతి ఒప్పుకోడు."

"గా ముచ్చట నాకు తెల్వది. బోరుకు దూరమున్నదా లేదా, అదే నా పని."

"సిద్ధాంతినే వచ్చి అత్తమ్మను మొయ్యమను," అన్నాను నేను.

పరాయి మనిషి ఉన్నాడని కూడా చూడకుండా ఇద్దరం అరుచుకున్నాం. "దేవుని వెనక కడతానంటే అవ్వ ఊకుంటదా?" అని ధనరాజ్ గట్టిగా అన్నాడు.

హాల్లోంచి అత్త గొంతు వినిపించింది.

"గక్కడనే కట్టుర్రి. దేవుడు ఆగుతడు కొడుకా. నేను ఆగలేను."

ధనరాజ్ తలొంచుకుని ముగ్గు డబ్బా తీసుకుని దేవుడి గది వెనక్కి నడిచాడు.

గుంత మీద బండలు పరిచే ముందు సాముయేలు మళ్లీ వచ్చాడు. కొత్త లెట్రిన్‌లో బకెట్ నీళ్లు గుమ్మరించి, అవి గుంతలోకి పోతున్నాయో లేదో వంగి చూశాడు.

"మంచిగున్నది. బండలేసి వాడుకోర్రి."

అత్త మంచం మీంచి అంతా వింటూనే ఉంది.

"వనితా," అని పిలిచింది. "జర నీళ్లు తే బిడ్డా. గిలాస నిండ."

ఎత్తిన గ్లాసు దించకుండా తాగింది. మూతి తుడుచుకుని, గ్లాసు మళ్లీ నా ముందుకు చాచింది.