నీలవేణి మీద సోమవారం కాపలా

అబిడ్స్‌లో ఆ ప్రెస్సు రెండో అంతస్తులో ఉంది. డెబ్బై అయిదేళ్ళ మోకాళ్ళతో ప్రేమ్‌రాజ్ మెట్లెక్కేసరికి తలప్రాణం తోకకొచ్చింది. నాంపల్లి నుంచి నడిచి రావడం తేలికే. పద్నాలుగో పేజీ దగ్గరికి చేరడమే కష్టం.

అచ్చవుతున్నది ‘నీలవేణి’ చరిత్ర. శత్రువు సముద్రంలో వేసిన మైన్లను ఏరి పేల్చేసే చెక్క ఓడ అది. డెబ్బై ఒకటి యుద్ధంలో అందులో పనిచేసినవాళ్ళలో మిగిలింది ప్రేమ్‌రాజ్ ఒక్కడే. ఆయన సంతకం పెడితేనే పుస్తకం మిషనెక్కుతుంది.

“జర జల్ది చూడున్రి సార్. నాలుగింటికి మిషన్ మీద పెట్టాలె,” అని ప్రెస్సు యజమాని రత్నాకర్ ప్రూఫు ముందు పెట్టాడు.

ఎదురు కుర్చీలో వనిత కూర్చుంది. ఆ ఓడలో పనిచేసిన భూమయ్య కూతురు. చనిపోయిన తండ్రి ఫొటో ఇవ్వడానికి వచ్చి, ఇచ్చాక కూడా కదల్లేదు.

పద్నాలుగో పేజీలో ఇలా ఉంది: “సోమవారం ఉదయం ముందు డెక్ మీద కాపలా భూమయ్య. అతని నిర్లక్ష్యం వల్ల తేలి వస్తున్న మైన్‌ను ఎవరూ చూడలేదు. పేలుడులో ఒక కళాసి మరణించాడు. భూమయ్యను నౌకాదళం నుంచి తొలగించారు.”

ఓడ రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టే దించారు. భూమయ్య సోమవారాలు ఒక్కపొద్దు ఉండేవాడు, ఎండలో కళ్ళు తిరిగేవి. ప్రేమ్‌రాజ్‌కు ఆదివారం ప్రార్థన ఉండాలి. అందుకని ఒకరి కాపలా ఒకరు కాసేవారు. అంతా నోటిమాట ఒప్పందం, రిజిస్టరుకు ఎక్కించే తెలివి ఇద్దరికీ లేదు. ఆ సోమవారం కాపలా కాసింది ప్రేమ్‌రాజ్. రాత్రంతా తన డ్యూటీ చేసి వచ్చాడేమో, రెండు నిమిషాలు కునుకు పట్టింది.

విచారణలో భూమయ్య “నేనే ఉన్న సార్” అన్నాడు. తలుపు బయట నిలబడ్డ ప్రేమ్‌రాజ్ నోరు మెదపలేదు. యాభై ఏళ్ళు చర్చిలో నిలబడి సాక్ష్యాలు చెప్పిన మనిషి, ఈ ఒక్క మాట మాత్రం మింగేశాడు.

“గీడ సంతకం సార్.” రత్నాకర్ పెన్ను మూత తీసి ఇచ్చాడు.

పెడితే గండం గడిచినట్టే. పెట్టకుండా నిజం రాస్తే రేపు కొడుకు, మనవలు, చర్చి మొత్తం ఆ పేజీ చదువుతారు. ప్రేమ్‌రాజ్‌కు నిజంగా భయమేసింది. గోడ గడియారంలో నాలుగుకు పది నిమిషాలే ఉంది. వనిత చూపు పెన్ను మీదే ఉంది.

ఆయన భూమయ్య పేరు కొట్టేసి, పైన తన పేరు రాశాడు.

“కాపలా నాది బిడ్డా. నిద్రపోయింది నేను. మీ నాయన నా తప్పు నెత్తినేసుకున్నడు. నేను సూస్కుంట ఊకున్న.”

వనిత తిడుతుందని ప్రేమ్‌రాజ్ ఎదురుచూశాడు. తిట్టినా బాగుండేది.

“సోమవారం మా ఇంట్ల అందరం ఒక్కపొద్దులుంటుంటిమి,” అంది వనిత. “నాయన ఒక్కడే పొద్దుగాలనే తింటుండె. గింత భక్తి ఉండి గిదేందని అమ్మ కొట్లాడేది. నా ఒక్కపొద్దు వల్ల ఒక పాణం పోయింది అనేటోడు. ఇంకేం చెప్పకపోయేది. నాయన పోయిన దినం గూడ సోమవారమే. అడిగి తిన్నడు.”

ప్రేమ్‌రాజ్ తల వాలిపోయింది. భూమయ్య తనను కాపాడాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. తప్పంతా తన ఒక్కపొద్దుదేనని భూమయ్య నమ్మాడని ఇవాళ తెలిసింది. నిద్రపోయింది నేనని ఒక్క ఉత్తరం రాసి ఉంటే ఆ మనిషి సోమవారాలు ఆ మనిషికి దక్కేవి.

వనిత ప్రూఫును ఆయన వైపు జరిపింది.

“ఇంకో లైను రాయున్రి పెద్దనాయనా. ఆ దినం మా నాయన ఒక్కపొద్దున్నడని.”

ప్రేమ్‌రాజ్ రాశాడు. కళ్ళు మసకబారి అక్షరాలు వంకర పోయాయి.