హంతకుడు దొరకని ఆదివారం

నోరీన్ స్టాథర్ దుప్పటి రెండు కొసలూ గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బార్లా చాచి, ఒక్క విదిలింపుతో దాన్ని సగానికి మడిచింది. మడత మీద అరచేత్తో రాసింది. వేడి ఇంకా పోలేదు. డ్రయ్యర్లోంచి తీసిన బట్టని చల్లారకముందే మడిస్తే ఇస్త్రీ అక్కర్లేదని ఆమె నమ్మకం. థార్న్‌బీ రేవు పక్కన ఆ వీధివీధంతా ఏళ్ళ తరబడి ఆ నమ్మకం మీదే పడుకుంటోంది.

బయట సముద్రం వైపునుంచి సన్నటి వాన ఏటవాలుగా కొడుతోంది. లాండ్రీ అద్దాలకి లోపలినుంచి ఆవిరి పట్టింది. గోడ వెంబడి బారుగా ఉన్న మెషీన్లలో సగం అప్పుడే తిరుగుతున్నాయి. అందులో ఒకటి నీళ్ళు పిండేటప్పుడు నేలంతా అదిరేలా గెంతుతుంది. నోరీన్ దాని పక్కనుంచి పోతూ తుంటితో ఒక్క పోటు పొడిచింది. అది బుద్ధి తెచ్చుకుని సర్దుకుంది.

ఆమె పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. మోచేతుల దాకా చేతులు ఎర్రగా కమిలినట్టుంటాయి. నీలం నైలాను ఆప్రాన్ జేబులో ఎప్పుడూ బట్టల పిన్నులూ, జనం ప్యాంటు జేబుల్లో మర్చిపోయిన గుండీలూ గలగలలాడుతుంటాయి. పదహారేళ్ళకి చేపల షెడ్డులో కత్తి పట్టింది. చేపలు రావడం మానేశాక ఇక్కడ సబ్బు పట్టింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, తీరిక లేక అంటుంది. అడిగినవాళ్ళు నవ్వుతారు గాని అది నిజమే. తండ్రి మంచాన పడ్డాడు, ఆయన పోయాక తల్లి. మొన్న వసంతకాలంలో తల్లి ఎడ్నా కూడా పోయింది. అప్పటినుంచీ సాయంత్రాలు హఠాత్తుగా పొడుగయ్యాయి.

సోమవారం లాండ్రీకి పెద్ద రోజు. బట్టలు ఉతకడం సగం, ముందురోజు రాత్రి వచ్చిన హత్యల సీరియల్ని ఉతికి ఆరేయడం సగం. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం రాత్రీ అదే కథ. ఎక్కడో పునాది తవ్వుతుంటే ఎముకలు బయటపడతాయి. నెరిసిన జుట్టు ఇన్‌స్పెక్టరమ్మ నేలమాళిగలోకి దిగి, దుమ్ముకొట్టుకుపోయిన అట్టపెట్టె ఒకటి చంకన పెట్టుకుని పైకొస్తుంది. ఒకప్పుడు కుర్రవాళ్ళుగా ఉండి ఇప్పుడు పెద్దమనుషులైపోయిన నలుగురి ఇళ్ళ తలుపులు తడుతుంది. నలుగురూ తలో అబద్ధం ఆడతారు. చివర్లో, అందరికన్నా మెత్తటి మొహం ఉన్నవాడు భోరుమంటాడు. ఇన్‌స్పెక్టరమ్మ చచ్చిపోయిన పిల్ల తల్లి దగ్గరికెళ్ళి, సోఫా అంచున కూర్చుని, పేరు చెబుతుంది. తల్లి ఏడుస్తుంది. పాట వస్తుంది.

పక్కనే జుట్టు కత్తిరించే షాపు నడిపే లొరెయిన్ కి ఆ సీరియలంటే మంట. పదకొండేళ్ళుగా వాళ్ళు మార్చింది విగ్గులొక్కటే అంటుంది, అయినా ఒక్క వారం మానదు. బస్సు డ్రైవరుగా రిటైరైన కెన్ కి అదొక పందెం. నటుల్లో ఎవరు పేరున్నవాడో వాడే హంతకుడనీ, లేకపోతే అంత చిన్న వేషానికి వాడెందుకు ఒప్పుకుంటాడనీ అతని సిద్ధాంతం. మూడొంతులు అతనే గెలుస్తాడు.

ఎడ్నాది మరొక పద్ధతి. ఏ కథైనా, ఎవరు చచ్చినా, మొదటి పది నిమిషాల్లోనే ఆమె వేలు పెట్టి చూపించేది. "వాడే. ఆ ప్రియుడే. మొహం చూడు." కథలో తేలింది మరొకడైతే, పోలీసులు అమాయకుణ్ణి పట్టుకున్నారని టీవీ కట్టేసేది. నోరీన్ ఎదురు చెప్పేది కాదు. చెప్పవలసిందంతా ఎప్పుడో చెప్పేసింది, ఆ ఇంట్లో అది చెల్లలేదు.

లొరెయిన్ తడి తువాళ్ళ బుట్ట డొక్కకానించుకుని తలుపు తన్నుకుంటూ వచ్చింది. అప్పటికే కెన్ బల్ల మీద కూర్చుని తన సాక్సులకి జతలు వెతుకుతున్నాడు.

నిన్నటితో సీరియల్ అయిపోయింది. ఆఖరి కథలో హంతకుడు దొరకలేదు. ఇన్‌స్పెక్టరమ్మ ఎప్పట్లాగే సోఫా అంచున కూర్చుంది గాని, పేరు చెప్పలేదు. మావల్ల కాలేదు, మన్నించండి, ఫైలు మూసేస్తున్నాం అని చెప్పి లేచి వెళ్ళిపోయింది. పాట కూడా లేదు.

"పదకొండేళ్ళు కూర్చున్నాను దాని ముందు," అంది లొరెయిన్, బుట్టని దబ్బున దింపి. "పదకొండేళ్ళు. చివరికి చేతులెత్తేసి పోతుందా?"

"ఒకటే కథ, ఒకటే కథ అని నువ్వే కదా ఏడ్చావు," అన్నాడు కెన్.

"ఏడిస్తే? మా ఆయన రోజూ చేపలే అని ఏడుస్తాడు. అలాగని ఖాళీ కంచం పెడతానా?"

నోరీన్ నవ్వింది. లొరెయిన్ తువాళ్ళని మెషీన్లోకి కుక్కుతూ, టీవీ వాళ్ళ మొహం మీద ఇలా ఇలా అడుగుతానని చాలాసేపు చెప్పింది. బల్ల చివర కూర్చున్న క్లిఫ్ ఎల్లర్‌బీ పేపరు మొహానికి అడ్డంగా పట్టుకుని పేజీ తిప్పాడు.

క్లిఫ్ ప్రతి సోమవారం ఈ వేళకే వస్తాడు. పొడుగు మనిషి, కాస్త వంగాడు. ఒకప్పుడు ఐస్‌లాండ్ దాకా పోయే చేపల ఓడల్లో పనిచేసిన చేతులు ఇప్పుడు పేపరు పట్టుకున్నా తాడు పట్టుకున్నట్టే ఉంటాయి. తన సంచీ తనే మెషీన్లో వేసుకుంటాడు, తనే ఆరబెట్టుకుంటాడు. నోరీన్ తో వాన గురించి ఒక మాట, మెషీన్ గురించి ఒక మాట. అంతే. ఆ వీధిలో పాతవాళ్ళందరికీ ఆ రెండు మాటల వెనక ఏముందో తెలుసు. ఆరేళ్ళ కిందట లీడ్స్ నుంచి వచ్చి స్థిరపడ్డ కెన్ కి తెలియదు.

"అసలు దొరక్కపోవడమేంటి?" అన్నాడు కెన్ ఒంటరి సాక్సు ఒకటి పైకెత్తి చూస్తూ. "ఆ ప్రియుడే చేశాడు. పెళ్ళి చేసుకుంటానన్నవాడు. సాక్ష్యం దొరకలేదంతే. బయట లోకంలో కూడా అంతే, ఎప్పుడూ వాడే. తప్పించుకుని హాయిగా తిరుగుతుంటారు."

లొరెయిన్ చేతులు మెషీన్లోనే ఆగిపోయాయి. "కెన్, ఇక చాలు," అంది మెల్లగా.

పేపరు కదలలేదు.

నోరీన్ చేతిలో ఎవరిదో దిండు గలీబు ఉంది. దాన్ని మడిచి, కుప్ప మీద పెట్టి, కుప్పని నిటారుగా సరిచేసింది. నిన్న రాత్రి ఆ ఆఖరి కథ చూసినప్పుడు, తల్లి కుర్చీ ఖాళీగా ఉన్న ఆ గదిలో, ఆమెకి చచ్చిపోయిన పిల్ల మీద జాలి కలగలేదు. ఇన్‌స్పెక్టరమ్మ వెళ్ళిపోయాక కెమెరా ఒక్క క్షణం ఆ ప్రియుడి మీద నిలిచింది. ముసలివాడైపోయాడు. వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడ్డాడు. హంతకుడు దొరకలేదు కాబట్టి అతను హంతకుడు కాదని ఎవరూ చెప్పలేదు. ఇక ఎవరూ చెప్పరు కూడా. నోరీన్ టీవీ కట్టేసి పడుకుంది. హాయిగా నిద్రపట్టింది. ఏం చేయాలో తెలిసినవాళ్ళకి పట్టినట్టు పట్టింది.

"ఆ కథలో సంగతి నాకు తెలీదు కెన్," అంది ఆమె. గొంతు పెంచలేదు. గెంతే మెషీన్ కూడా అప్పుడే నీళ్ళు నింపుకుంటూ నెమ్మదించింది. "మా అక్క సంగతి తెలుసు. జానెట్ అని, నాకంటే అయిదేళ్ళు పెద్ద. ఒక శనివారం రాత్రి డాన్సుకని వెళ్ళి, చేపల షెడ్ల వెనక సందులో శవమై తేలింది. గొంతు పిసికేశారు. ఎవరో ఇప్పటికీ తెలీదు. ఇక తెలీదు కూడా."

కెన్ సాక్సు దించాడు.

"ఆమెని చేసుకోవలసినవాడు ఆ రాత్రి మా వంటింట్లో ఉన్నాడు. ఓడ ఆలస్యంగా వచ్చింది, డాన్సుకి అందుకోలేకపోయాడు. ఆమె వస్తుందని కూర్చున్నాడు. నేనే టీ పెట్టిచ్చాను, మళ్ళీ పెట్టిచ్చాను. పేకాడాం. తెల్లారేదాకా ఓడిపోతూనే కూర్చున్నాడు. పోలీసులకి ఇదే చెప్పాను. వాళ్ళు నమ్మారు, వదిలేశారు. ఈ వీధి నమ్మలేదు. నాకు ఆయన మీద మనసుందనీ, అందుకే అబద్ధమాడాననీ చెప్పుకుంది. మా నాన్న నమ్మలేదు. మా అమ్మ చచ్చేదాకా నమ్మలేదు. ఓడ కెప్టెన్లు ఆయన్ని మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. కలప యార్డులో పొట్టు ఊడ్చి బతికాడు." ఆమె ఊపిరి తీసుకుంది. "ఆయనే అక్కడ కూర్చున్నాడు. తప్పించుకున్నవాడు కాదు. ఏమీ చెయ్యనివాడు."

కెన్ మొహం చెవులదాకా ఎర్రబడింది. లేచి నిలబడి, ఏం చెయ్యాలో తోచక, క్లిఫ్ వైపు రెండడుగులు వేశాడు. తనకి తెలియదనీ, నోరు జారిందనీ గొణిగాడు. పేపరు కిందికి దిగింది. క్లిఫ్ బల్ల మీద పక్కకి జరిగి చోటిచ్చాడు. కెన్ కూర్చున్నాడు. ఇద్దరూ ఎదురుగా తిరుగుతున్న బట్టల్నే చూస్తూ ఉండిపోయారు. లొరెయిన్ ముక్కు చీదుకుంటూ, షాపులో ఎవరో తల తడిపి కూర్చున్నారని చెప్పి వెళ్ళిపోయింది. నిజంగా ఎవరూ లేరు.

"నీ డ్రయ్యర్ ఆగినట్టుంది," అంది నోరీన్.

క్లిఫ్ లేచి బట్టలు తీశాడు. నాలుగు చొక్కాలు, ఒక దుప్పటి. అతను దుప్పటితో తంటాలు పడుతుంటే నోరీన్ రెండో కొస అందుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి లాగి, విదిలించి, దగ్గరికి నడిచి, కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి నడిచారు. ఇన్నేళ్ళలో అంత దగ్గరగా అతని మొహం ఆమె చూడలేదు. ఎడమ కనుబొమ తెగిన చోట వెంట్రుకలు మొలవలేదు. అది ఓడ మీద దెబ్బ కాదు. ఈ వీధిలో ఎవరో విసిరిన సీసా.

"ఆ పేకాటలో నేను కావాలనే ఓడిపోయాను," అన్నాడు క్లిఫ్ దుప్పటి అందుకుంటూ. "నువ్వు చిన్నపిల్లవని."

"అబద్ధం. నీకు ఆడటం రాదు."

అతను నవ్వాడు. పళ్ళు కొన్ని లేవు.

"ఇవాళ సాయంత్రం మా ఇంటికి రా," అంది నోరీన్. "ఆరింటికి. కీమా వండి, పైన బంగాళాదుంపలు వేసి పొయ్యిలో పెడతాను. ఇల్లు ఎక్కడో నీకు చెప్పక్కర్లేదు."

క్లిఫ్ సంచీ మూతి బిగించి ముడేశాడు. ముడి విప్పి మళ్ళీ వేశాడు. "వస్తాను," అన్నాడు.

మధ్యాహ్నం వాన వెలిసింది. నోరీన్ ఎవరి మూటలు వాళ్ళకి అప్పజెప్పింది, డ్రయ్యర్ల వడపోతల్లో పేరుకున్న బట్టల నూగు దులిపింది, నేల తుడిచింది. కెన్ పోతూ పోతూ తలుపు దగ్గర ఆగి, క్లిఫ్ తనతో పేకాడతాడా అని అడిగాడు. ఆడతాడు, ఓడిపోతాడు అని చెప్పింది. అయిదింటికి తాళం వేసి, కసాయి దుకాణంలో మాంసం కాస్త ఎక్కువే కొనుక్కుని ఇంటికి నడిచింది.

టేబులు మీద రెండు కంచాలు పెట్టింది. ముందు తల్లి కుర్చీని గోడకి జరిపింది, తర్వాత వెనక్కి తెచ్చి టేబులు దగ్గరే వేసింది. కూర్చోవలసినవాడు కూర్చుంటాడు. బంగాళాదుంపలు పైన గోధుమరంగుకి తిరిగాయి. ఆరు దాటింది. పొయ్యి కట్టేసింది. సందు చివరిదాకా వెళ్ళి చూసి వచ్చింది. జంకి మానేసే మనిషి కాదు. వస్తానన్నాడు. కోటు తొడుక్కుని బయలుదేరింది.

క్లిఫ్ ఉండేది రెండు వీధుల అవతల, కింది అంతస్తులో ఒక్క గది, వంటిల్లు. తలుపు గడియ వేసి లేదు. పిలిచింది. తోసి లోపలికి వెళ్ళింది.

కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. ఉదయం ఆరబెట్టుకున్న చొక్కా, దాని మీద టై, పైన కోటు గుండీలన్నీ పెట్టుకున్నాడు. బూట్లు మెరుస్తున్నాయి. ఒక చెయ్యి కుర్చీ చేతి మీద ఉంది, లేవబోతున్నవాడిలా. నోరీన్ ఆ చెయ్యి పట్టుకుంది. చల్లబడింది గాని ఇంకా బిగుసుకోలేదు.

ఆమె కేకలు వేయలేదు. పక్కవాళ్ళ తలుపు తట్టి అంబులెన్సుకి ఫోను చేయమని చెప్పి, వెనక్కి వచ్చి, వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని అతని ఎదురుగా కూర్చుంది. కనురెప్పలు మూసింది. టై కాస్త పక్కకి పోయి ఉంటే సరిచేసింది. కిటికీ బయట వీధి దీపాలు వెలుగుతున్నాయి. పిల్లలెవరో సైకిళ్ళ మీద అరుచుకుంటూ పోయారు. అతని మొహంలో బాధ లేదు. ఎక్కడికో బయలుదేరే ముందు ఒక్క నిమిషం కూర్చున్న మనిషి మొహం అది. నోరీన్ కి కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు, వాటి మానాన వాటిని పోనిచ్చింది. చెప్పవలసిన మాట అతను వింటుండగా చెప్పింది. అతను విన్నాడు. అది ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

అంబులెన్సు అమ్మాయి పరీక్ష చేసి, గుండె ఆగిందనీ, నొప్పి తెలిసి ఉండదనీ మెత్తగా చెప్పింది. గుమ్మంలో పక్కింటివాళ్ళూ, పై అంతస్తు వాళ్ళూ పోగయ్యారు. వాళ్ళలో పాతవాళ్ళూ ఉన్నారు.

"మీరు ఆయనకి ఏమవుతారమ్మా?" అని అడిగింది ఆ అమ్మాయి.

నోరీన్ లేచి నిలబడి, గుమ్మంలో ఉన్న అందరికీ వినపడేలా చెప్పింది.

"మా బావ."

ముందు నిలబడ్డ ముసలాయన టోపీ తీశాడు.

వాళ్ళు క్లిఫ్ ని మోసుకుపోయాక నోరీన్ దీపం ఆర్పడానికి వంటింట్లోకి వెళ్ళింది. బల్ల మీద వీధి మూలనున్న బేకరీ వాళ్ళ తెల్ల అట్టపెట్టె ఒకటి ఉంది. ఇద్దరికి సరిపడే కేకు పట్టేంత చిన్నది. చుట్టూ కట్టిన ఎర్ర దారం, కొస పట్టుకుని ఒక్కసారి లాగితే విడిపోయేలా ముడివేసి ఉంది.