నిండిన స్టాఫ్ రూము

వ్యానులోంచి సామాను దింపుతున్న కూలీల మీద సాయిలక్ష్మి అరుస్తూనే ఉంది. గ్లోబులు అటు, మైక్రోస్కోపులు ఇటు, బీరువా మీదున్న వేరే కాలేజీ పేరు గోడవైపు తిప్పండి. పొద్దున్నుంచి ఆమె గుక్కెడు టీ కూడా తాగలేదు. ఇవాళ తనిఖీ బృందం వస్తోంది. ఈలోగా బి.ఎడ్. విభాగానికి ఒక ప్రయోగశాలా, ఒక గ్రంథాలయమూ, పదిమంది అధ్యాపకులూ పుట్టుకురావాలి.

రాయ్‌పూర్ నుంచి సిల్తారా వెళ్లే దారిలో, ఇనుము ఫ్యాక్టరీల పొగ కింద ఉన్న ఆ ప్రైవేటు విశ్వవిద్యాలయంలో బి.ఎడ్. చెప్పేది నిజానికి ఆమె ఒక్కతే. లెక్కల బోధనా ఆమే, హిందీ బోధనా ఆమే, బాలల మనస్తత్వమూ ఆమే. నెలకు పద్నాలుగు వేలు, వేసవి సెలవుల్లో అవీ ఉండవు. విద్యార్థులు బళ్లకు వెళ్లి పాఠం చెబుతుంటే అధ్యాపకులు వెనక బెంచీలో కూర్చుని తప్పొప్పులు దిద్దాలి. వందమందికి ఒక్క మనిషి ఎన్ని బెంచీల్లో కూర్చుంటుంది? ఒక్క పాఠమైనా చెప్పకుండానే చాలామంది పట్టాలు పుచ్చుకుని పంతుళ్లయిపోయారు. పిల్లల ముందు నోరు పెగలనిదీ వాళ్లకే, ఆ భయం దాచుకోడానికి బెత్తం పట్టేదీ వాళ్లే.

డైరెక్టర్ తివారీ వచ్చి చుట్టూ చూసి తృప్తిగా తలాడించాడు.

"ఈసారి గుర్తింపు పొడిగించారంటే మీ ఉద్యోగం పర్మనెంట్, మేడమ్," అన్నాడు హిందీలో. "ఎవరడిగినా నాలుగేళ్లుగా వీళ్లందరితో కలిసి పనిచేస్తున్నానని చెప్పండి. అంతే."

సాయిలక్ష్మి తలూపింది. గుఢియారీలో అద్దె ఇల్లు, మంచం పట్టిన తండ్రి. ఏడేళ్లుగా ఈ ఒక్కమాట కోసమే ఆమె పడిగాపులు కాసింది.

రెండో వ్యానులో అధ్యాపకులు దిగారు. రోజుకు ఎనిమిది వందలు, మధ్యాహ్నం భోజనం. అందరివీ నిఖార్సైన డిగ్రీలే, అద్దెకు తెచ్చింది మనుషుల్ని. సాయిలక్ష్మి ఒక్కొక్కరి మెడలో పేరున్న కార్డు వేస్తూ వచ్చింది. ఉమారాణి అన్న పేరున్న కార్డు వేస్తుంటే ఆ మనిషి సాయిలక్ష్మిని పరీక్షగా చూసింది.

"ఏటండీ, తెలుగోళ్లేనా?"

"అవునండీ, మాది పలాస. నాన్నగారు రైల్వేలో చేసి ఇక్కడే ఉండిపోయారు. మీదీ?"

"పార్వతీపురం కాడ. నాను భన్‌పురిలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లారీ రసీదులు రాస్తన్నానండి. ఎమ్మెస్సీ లెక్కలు, ఎమ్మెడ్ చేసి ఏటి ఫాయిదా?"

బృందం రావడం ఆలస్యమైంది. ముందే భోజనాలకు కూర్చున్నారు. ఏడేళ్లుగా ఆ బల్ల దగ్గర సాయిలక్ష్మి ఒక్కతే డబ్బా విప్పుకుని, గోడమీది క్యాలెండర్‌ని చూస్తూ తినేది. ఇవాళ మోచేతులు తగులుతున్నాయి.

"సగంతో భాగిస్తే లెక్క ఎందుకు పెరుగుతాదని పిల్లలడిగితే ఏటి చెప్తారు మేడమ్?" అంది ఉమారాణి.

సాయిలక్ష్మి రెండు రొట్టెలు తీసి ఒక్కోదాన్నీ సగానికి తుంచింది. "ఇందులో సగాలెన్నో లెక్కపెట్టమంటానండీ. నాలుగు. బస్, అయిపోయింది."

"మా పిల్లలైతే లెక్కపెట్టకముందే తినీగలరు!"

సాయిలక్ష్మి ఆ మాట హిందీలో చెప్పాక బల్ల చుట్టూ అందరూ నవ్వారు. అలా కాదు, కాగితం మడిచి చూపాలన్నాడు ఇంకొకాయన. మరొకామె అడ్డుపడింది. వాదన ముదిరింది, కూర చల్లారిపోయింది. విభాగమంటే ఇదే కదా అనుకుంది సాయిలక్ష్మి. సంతోషంగా ఉంది. ఇంత సంతోషం సాయంత్రానికి వ్యానెక్కి వెళ్లిపోతుందని తెలిసి ఏడుపొచ్చింది.

చేతులు కడుక్కుంటూ ఉమారాణి గొంతు తగ్గించింది.

"ఇక్కడ పోస్టేటైనా ఉంటే నాకో మాట చెప్పండి మేడమ్. రెండుసార్లు వచ్చి అడిగాను. ఖాళీల్లేవన్నారు."

సాయిలక్ష్మి ఆమె మెడలోని కార్డు వైపు చూసింది. 'సహాయ ఆచార్యులు, గణితం.' ఖాళీ ఎక్కడుంటుంది? ఆ కుర్చీలో ఉమారాణి పేరునే కూర్చోబెట్టి, ఉమారాణిని గేటు బయట నిలబెట్టారు.

బృందం వచ్చింది. అద్దె మైక్రోస్కోపులు చూసింది, అద్దె పుస్తకాలు తిరగేసింది. చివరికి స్టాఫ్ రూములో కూర్చున్నాక, బృందానికి పెద్దయిన ముసలావిడ కళ్లజోడు సర్దుకుని సాయిలక్ష్మిని మామూలుగానే అడిగింది.

"ఈ ఉమారాణిగారితో మీరు ఎన్నాళ్ల నుంచి పనిచేస్తున్నారు?"

తివారీ చిరునవ్వుతో ఆమెకేసి చూశాడు. నాలుగేళ్లు. నాలుకమీద సిద్ధంగానే ఉంది ఆ మాట. సాయిలక్ష్మికి తండ్రి మంచం గుర్తొచ్చింది. రేపు ఈ బల్ల దగ్గర మళ్లీ ఒక్కతే విప్పుకోబోయే డబ్బా గుర్తొచ్చింది.

"ఇవాళ పొద్దున్నుంచి," అంది. "అందరితోనూ అంతే మేడమ్. ఇక్కడ చెప్పేదాన్ని నేనొక్కదాన్నే."

తివారీ ముఖంలో నెత్తురుచుక్క లేదు. అద్దెకొచ్చిన అధ్యాపకుల్లో ఒకరిద్దరు లేచి తలుపు వైపు నడిచారు.

ఉమారాణి మెడలోంచి కార్డు తీసి బల్లమీద పెట్టింది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు.