అరువు తమ్ముడు

"అక్కా, నిన్ను నావైపు తిప్పుకుంటున్నా. భయపడకు, పట్టుకునే ఉన్నా," అన్నాడతను. ఆ మాట ఆమె చెవిలోంచి ఒంట్లోకి దిగేదాకా ఆగాడు. తర్వాత ఒక చేయి భుజం వెనక్కీ, ఇంకో చేయి తుంటి వెనక్కీ పోనిచ్చి మెల్లగా పక్కకి తిప్పాడు. మనిషిలో బరువన్నది మిగల్లేదు. ఎముకలూ, వాటిమీద మడతలు పడ్డ పల్చటి చర్మమూ. మోకాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకోకుండా మధ్యన దిండు పెట్టాడు. మడమలు ఆనకుండా చీలమండల కింద తువాలు చుట్టి పెట్టాడు. నడుము కింది పుండుకు కట్టు విప్పి, ఉప్పునీళ్ళతో కడిగి, అద్ది, కొత్త గాజుగుడ్డ వేశాడు. ఆమె మొహం చిట్లించలేదు. పొద్దున నాలుక కింద వేసిన మందు పనిచేస్తున్నట్టే ఉంది.

చివరికి వేలికి తడిగుడ్డ చుట్టుకుని చిగుళ్ళూ నాలుకా తుడిచి, ఎండిన పెదవులకు వాజలీన్ రాశాడు. అప్పుడు కళ్ళు తెరిచింది.

"చిన్నోడా."

"ఊఁ, అక్కా."

"కోపం పోయిందా?"

"ఎప్పుడో పోయిందక్కా."

ఆమె తృప్తిగా కళ్ళు మూసుకుంది. మళ్ళీ సాయంత్రంలోపు ఇదే అడుగుతుంది. అతనూ ఇదే చెబుతాడు.

అతను ఆమె తమ్ముడు కాడు. ఆ మాటకొస్తే ఎవరి తమ్ముడూ కాడు. ఇక చేసేదేం లేదని డాక్టర్లు ఇంటికి పంపేసినవాళ్ళకు ఇళ్ళకు వెళ్ళి సేవ చేసే నర్సు. ఆడవాళ్ళయితే సిస్టర్ అంటారు, మగవాడు కాబట్టి బ్రదర్ అంటారు. ఆస్పత్రిలో పనిచేసే రోజుల్లో తోటివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు, ఊరందరికీ బ్రదరే గానీ ఇంటికెళితే ఒంటికాయ శొంఠికొమ్మని. అతనూ నవ్వేవాడు. తల్లి అదే ఆస్పత్రిలో ఆయా. బడి అయ్యాక వార్డు వరండాలో కూర్చుని చదువుకుంటూ, అక్కడే పెరిగి, అక్కడే పనిలో చేరాడు. తల్లి పై అంతస్తులో ప్రాణం విడుస్తున్నప్పుడు అతను కింది వార్డులో ఎవరి తండ్రికో నోరు తడుపుతున్నాడు. పెళ్ళి మాట ఒకటి రెండు సార్లు వచ్చింది. రోజూ చావుల మధ్య తిరిగొచ్చేవాడని అవతలివాళ్ళు నసిగారు. అతనూ పట్టుబట్టలేదు.

అయితే ఈ పనిలో ఒక చిత్రం ఉంది. వెళ్ళిన రెండు మూడు రోజులకే ఇంటివాళ్ళు వరస కలిపేస్తారు. మంచం మీది మనిషికి ఒళ్ళు తుడిచి, మలమూత్రాలు ఎత్తేవాణ్ణి 'ఏమండీ' అని పిలవడానికి వాళ్ళకు నోరు రాదు. ఒకరింట్లో బాబాయి, ఒకరింట్లో అన్నయ్య. పుట్టి పెరిగిన ఇంటికి వచ్చినట్టు నేరుగా వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగుతాడు. పెరటి తలుపు గడియ ఎటు తిప్పితే పడుతుందో తెలిసిపోతుంది. ఆపైన ఒకరోజు మంచం ఖాళీ అవుతుంది, దాంతోపాటే వరసా ఊడిపోతుంది. ఎప్పుడైనా బజార్లో ఎదురుపడితే వాళ్ళు చూపు తిప్పేసుకుంటారు. కోపమూ కాదు, చిన్నచూపూ కాదు. అతన్ని చూస్తే ఆ గది గుర్తొస్తుంది, అంతే. అది తెలిసినవాడు గనుక తనే ముందుగా రోడ్డు దాటి అవతలికి వెళ్ళిపోతాడు.

ఈ ఇంటి వరస మాత్రం అన్నింటికంటే గట్టిగా పడింది. మొదటి రోజు మంచం మీంచి లేపి కూర్చోబెడుతుంటే ఆ పెద్దావిడ అతని మొహంలోకి చూసి, "ఎప్పుడొచ్చావురా చిన్నోడా?" అంది. ఆమెకు జబ్బు ముదిరి అప్పటికే మాట ఒకచోట, మనసు ఒకచోట. అలాంటప్పుడు ఔననకూడదు, కాదనకూడదు, మాట మళ్ళించాలని అతనికి నేర్పారు. అతను కొత్తవాళ్ళకు నేర్పేదీ అదే. కానీ నోరు అతని మాట వినలేదు. "ఇప్పుడేనక్కా," అనేశాడు.

పక్కనే ఉన్న కూతురు ఉలిక్కిపడి చూసింది. తర్వాత వంటింట్లో విషయం చెప్పింది. అమ్మకు ఒక్కడే తమ్ముడు. తల్లి పోతే అమ్మే కుట్టుమిషను తొక్కి పెంచింది. అతను తనకు నచ్చినమ్మాయిని చేసుకున్నాడని మండిపడి, నీ అక్క చచ్చిపోయిందనుకో పొమ్మంది. ఆయన ఆ మాటే పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇద్దరిదీ ఒకటే మొండితనం. చెప్పడం ముగించి కూతురు కొంగుతో కళ్ళొత్తుకుని, "పోనీలెండి. అమ్మ తమ్ముడనుకుంటే తమ్ముడే. నాకు మామయ్యే," అంది. మర్నాటికల్లా 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఇంట్లో చంటిపిల్ల అతన్ని తాతా అని పిలవడం మొదలుపెట్టింది. పెళ్ళాం కూడా లేకుండా తాతనయ్యానని అతను అంటే, అల్లుడు నవ్వి, మేనమామగారు కదా, మర్యాదలు తక్కువైతే అలుగుతారేమో చూసుకోవే అని భార్యను హెచ్చరించాడు.

ఆ మాటలన్నీ అతను ఊరి చివర తన గదికి మోసుకెళ్ళేవాడు. చిన్నోడా, మామయ్యా, తాతా. అన్నం వండుకుంటూ ఒక్కోసారి పైకే అనుకునేవాడు. యాభై దాటినవాడు, నెత్తిమీద నాలుగు వెంట్రుకలు మిగిలినవాడు, స్టవ్వు ముందు గొంతుక్కూచుని చిన్నోడా అని తనను తనే పిలుచుకోవడం ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని అనిపించి, వెంటనే నోరు మూసుకునేవాడు.

ఆ పొద్దున కట్టు మార్చి, చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళితే కూతురు టీ గ్లాసు చేతికిస్తూ అతని మొహం వైపు చూడకుండా చెప్పింది. నిన్న మామయ్యకు ఫోన్ చేసిందట. అసలు మామయ్యకు. ఎవరెవర్నో అడిగితే నంబరు దొరికిందట. బయల్దేరానన్నాడట.

"చెప్పకుండా చేశానని ఏమనుకోకు మామయ్యా," అంది.

"మంచి పని చేశావమ్మా. నేనే చెప్దామనుకున్నా," అన్నాడు. అది అబద్ధం కాదు. ఆమె పాదాలు చల్లబడటం, మోకాళ్ళ దగ్గర చర్మం మీద నీలంగా వల అల్లినట్టు చారలు రావడం రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాడు. ఎవరైనా రావలసినవాళ్ళుంటే పిలిపించుకోమని ఏ ఇంట్లోనైనా ఈపాటికి చెప్పేవాడే. ఇక్కడే ఎందుకో నాలుక కదల్లేదు. టీ చేదుగా ఉందనిపించింది. పంచదార ఎప్పటంతే ఉంది.

తమ్ముడు మధ్యాహ్నం కాకముందే వచ్చాడు. భారీ మనిషి. లారీల షెడ్డులో మేస్త్రీ అట, గోళ్ళ చివర్ల నలుపు ఎంత తోమినా పోయేది కాదు. చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియక గుమ్మం దగ్గర అటూ ఇటూ చూశాడు. గదిలోకి వచ్చి మంచం మీది ఆకారాన్ని చూసి అక్కడే నిలబడిపోయాడు. తను విడిచి వెళ్ళిన మనిషి ఇంత చిన్నది కాదు.

పెద్దావిడ కళ్ళు తెరిచింది. వచ్చినాయన్ని కాసేపు పరకాయించి చూసి, పక్కనున్న నర్సు వైపు తిరిగింది. "చిన్నోడా, డాక్టరుగారు నిలబడే ఉన్నారు. కుర్చీ వెయ్యరా," అంది.

అతను కుర్చీ వేశాడు. ఆ పెద్దమనిషి అందులో కూర్చోలేదు. గిరుక్కున తిరిగి వరండాలోకి వెళ్ళిపోయాడు.

నర్సు వెనకే వెళ్ళాడు. తమ్ముడు గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఇతను పక్కనే నిలబడ్డాడు. కాసేపటికి ఆయనే, తనిక్కడ ఉండి చేసేదేముందని అడిగాడు. అక్క మనసులో తమ్ముడి చోటు ఖాళీగా లేదు కదా, మీరే ఉండండి, మీరు ఉంటేనే ఆవిడకు నెమ్మదిగా ఉన్నట్టుంది, నేను వెళ్ళిపోతానన్నాడు.

ఔననడానికి ఎంతో సేపు పట్టదు. వెళ్ళిపొమ్మనక్కర్లేదు కూడా, ఊరుకుంటే చాలు. ఆ ఆలోచన తనకు వచ్చిందని గ్రహించేసరికి నర్సుకు చెవులు వేడెక్కాయి.

"ఆవిడ పిలిచేది మిమ్మల్నేనండీ," అన్నాడు. "పిలిచినప్పుడు ఎవరో ఒకరు పలకాలి కదా. మీరొచ్చేదాకా నేను పలికాను, అంతే." ఆగి, "ఇంకోటి చెప్పాలి. కోపం పోయిందా అని రోజూ అడుగుతుంది. పోయిందని చెప్పేశాను. మిమ్మల్ని అడక్కుండా చెప్పాను. తప్పయితే ఏమనుకోకండి."

తమ్ముడు తల అడ్డంగా ఊపాడు. "పోయి ఏళ్ళయిందండీ. రావడానికే మొహం చెల్లలేదు."

ఆ తర్వాత నర్సు ఆయన చేత అన్నీ చేయించాడు. తడిగుడ్డ వేలికి ఎలా చుట్టాలో, చిగుళ్ళ మీద ఎంత మెల్లగా అద్దాలో చూపించాడు. ఇంజన్లు విప్పి బిగించే ఆ వేళ్ళు మెల్లమెల్లగా పని పట్టుకున్నాయి. మధ్యాహ్నం మళ్ళీ పక్క మార్చే వేళకు ఇద్దరూ చెరోవైపు దుప్పటి పట్టుకుని ఒకేసారి తిప్పారు. ఒంటరిగా తిప్పినదాని కంటే అది తేలికగా అయింది. ఆమె ఊపిరి మారింది. నాలుగు శ్వాసలు గబగబా, ఆపైన ఆగి, మళ్ళీ ఒకటి. నర్సు కూతుర్ని పక్కకు పిలిచి, ఇక గది విడిచి వెళ్ళొద్దమ్మా అని చెప్పాడు. ఆమె అర్థం చేసుకుంది.

పొద్దు వాలుతుండగా పెద్దావిడ కుడిచేయి పక్క మీద దేనికోసమో తడుముకుంది. అలవాటుగా నర్సు తన చేయి అందించాడు. ఆ చల్లటి వేళ్ళు చుట్టూ బిగిశాయి. ఆ బిగువు అతనికి బాగా తెలుసు. కాసేపు అలాగే ఉన్నాడు. ఇంకాసేపు ఉండాలనిపించింది. తర్వాత రెండో చేత్తో తమ్ముడి చేయి పట్టి దగ్గరికి లాగి, తన వేళ్ళు ఒక్కొక్కటే జార్చుకుంటూ, ఆ చోటులో ఆయన చేతిని పెట్టాడు. లేచి మంచం కాళ్ళవైపుకు వెళ్ళి నిలబడ్డాడు.

"చిన్నోడా," అంది ఆమె, కళ్ళు తెరవకుండానే. "కోపం పోయిందా?"

నర్సు పెదవి కదిలింది. పళ్ళతో నొక్కిపట్టాడు. తమ్ముడి గొంతు పెగలడం లేదు. ఆమె నుదురు ముడిపడుతోంది, జవాబు కోసం చూస్తోంది.

"పోయిందక్కా," అన్నాడు తమ్ముడు చివరికి.

ఆమె మొహం ఆ గొంతు వైపు తిప్పింది. "గొంతేంటి అలా ఉంది? జలుబు చేసిందా?"

"ఊఁ. కొంచెం."

"వేన్నీళ్ళు తాగు. చెబితే వినవు."

అవే ఆఖరి మాటలు. ఆమె సొంత తమ్ముణ్ణి పోల్చుకుందో, అరువు తమ్ముడికే జలుబు చేసిందనుకుందో ఎవరికీ తెలియదు. శ్వాసకూ శ్వాసకూ మధ్య ఎడం పెరుగుతూ పోయింది. కూతురు ఒకవైపు, తమ్ముడు ఒకవైపు కూర్చుని ఉండగా, పక్కింట్లో ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తుండగా, ఒక ఊపిరి తర్వాత ఇంకొకటి రాలేదు. నర్సు వెంటనే ఏమీ అనలేదు. ఆ కాసేపటి నిశ్శబ్దం ఇంటివాళ్ళది, దాన్ని తుంచకూడదు. తర్వాత దగ్గరికి వచ్చి మెడ దగ్గర వేళ్ళుంచి చూసి, "అమ్మ వెళ్ళిపోయిందమ్మా," అన్నాడు.

"మామయ్యా," అని కూతురు ఘొల్లుమంది. నర్సు ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె అప్పటికే మంచం అవతలివైపు ఉన్న తమ్ముడి భుజం మీద వాలిపోయింది. వేసిన అడుగు వెనక్కి తీసుకుని, అతను పెద్దావిడ కాళ్ళు చక్కగా సర్దడంలో పడ్డాడు.

కూతురూ అతనూ కలిసి ఒళ్ళు తుడిచారు. ఇప్పుడు కూడా అతను ప్రతిదీ చెప్పే చేశాడు. చేయి ఎత్తుతున్నానక్కా, తల ఇటు తిప్పుతున్నానక్కా అని, ఎవరికీ వినిపించనంత మెల్లగా. అంతలో ఇరుగుపొరుగూ, చుట్టాలూ రావడం మొదలైంది. ముందు గది నిండిపోయింది. ఎవరో పెద్దాయన గుమ్మం దగ్గర అతన్ని చూసి, ఈయనెవరు, ఏమవుతారని అల్లుణ్ణి అడిగాడు. నర్సండీ, చాలా బాగా చూసుకున్నారన్నాడు అల్లుడు. ఆ మాటలో గౌరవమే ఉంది. తప్పు పట్టడానికేం లేదు.

అతను మిగిలిన మందు సీసాలు ఒక కవర్లో వేసి అల్లుడికి అప్పగించి, సంచీ భుజానికి తగిలించుకున్నాడు. కూతురు ఏడ్చి ఉబ్బిన మొహంతో వరండాలోకి వచ్చింది. "వెళ్తున్నారా బ్రదర్?" అంది. పిలుపు మారిందని ఆమెకు తెలియను కూడా తెలియదు. జాగ్రత్తమ్మా, కాస్త ఏదైనా తాగు, పొద్దుటినుంచీ ఏమీ ముట్టలేదని చెప్పాడు. ఆమె తలూపి, లోపల ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది.

అతను పెరటి వైపునుంచి బయటికి నడిచాడు. అక్కడ కుర్చీలు వేయడానికి దండెం అడ్డంగా ఉందని పక్కింటావిడ ఆరిన బట్టలు తీసి గట్టు మీద మడతలు పెడుతోంది. వాటిలో అతని తెల్లచొక్కా ఒకటి ఉంది. నిన్న దానిమీద మందు ఒలికితే కూతురు విప్పించి, అల్లుడి చొక్కా తొడిగించి పంపి, పొద్దున ఇంటిబట్టలతో పాటు ఉతికి ఆరేసింది. పక్కింటావిడ దాన్ని దులిపి, కాలరు సరిచేసి, చేతులు లోపలికి మడిచింది. అది నాదండీ అనడానికి అతను నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని, గడియ ఎత్తి, వీధిలోకి వెళ్ళాడు.

గట్టు మీద, చంటిపిల్ల గౌనుకూ పెద్దావిడ వెలిసిన నూలుచీరకూ మధ్యన, ఆ తెల్లచొక్కా ఇంటి బట్టల్లో ఒకటై ఉంది.