సుబ్బరాయులు పెట్టెలో లుంగీ

ఈ సంగతి నాకు మొదట చెప్పింది పొన్నమ్మ, గుడియాత్తంలో లుంగీలు నేసే జయరాములు పెండ్లాము. తర్వాత వీధిలో తలా ఒక విధంగా చెప్పినారు. వాళ్ళ మాట నేను లెక్కచేయను.

మా వీధిలో పొద్దున్నే పడుగు చాచి గంజి పెడతారు. ఇంటికొక మనిషి వచ్చి పట్టుకోవాల. పట్టేవాళ్ళు లేకపోతే పడుగు లేదు, పడుగు లేకపోతే మగ్గం లేదు. జయరాములు దగ్గుతా, ఆయాసపడతా అయినా వచ్చేవాడు. బస్టాండు కాడ ఒక డాక్టరు టీబీ అని మాత్రలిచ్చినాడు. మింగి మింగి నోరు చేదెక్కిందే గానీ ఆయాసం పోలేదు. వీధి పెద్ద సుబ్బరాయులు, "టీబీ మనిషివి, పడుగు తాకొద్దప్పా," అన్నాడు. ఆ పొద్దు నుంచి ఆ ఇంటి పడుగు పట్టేదానికి ఎవరూ పోలేదు. మగ్గం నిలిచిపోయింది.

పొన్నమ్మ మొగుణ్ణి వేలూరు ఆస్పత్రికి పిలుచుకొని పోయింది. గొట్టంలో ఊదమన్నారు. ఊపిరి సగం కూడా రాలేదు. బాగున్నప్పుడు ఎంత ఉండేదో తెలిస్తే మేలని డాక్టరమ్మ సుగంతి అనింది.

జయరాములు నేసిన లుంగీ, నేసిన నాటి ఆయన ఊపిరే తీస్తా ఉంటాది. దండెం మీద లేస్తాది, దిగుతాది. కొన్నవాళ్ళు కొంచెంసేపు చూసి, ఉతికి పిండి కట్టుకుంటారు, అంతే. మంచి వయసులో నేసింది ఒకటే మిగిలుండాది, అదీ సుబ్బరాయులు పెట్టెలో.

పొన్నమ్మ పోయి, డాక్టరమ్మకు చూపించి తెచ్చిస్తానని ఆ లుంగీ అడిగింది. టీబీ ఇంటికి పోయిన బట్ట మళ్ళీ నేను కట్టుకోవాల్నా అన్నాడాయన.

"ఇన్నేండ్లు ఆయన ఊపిరే కదన్నా నడుముకు చుట్టుకొని తిరిగినావు. నీకేమైంది?"

సుబ్బరాయులు పెట్టె తెరిచి లుంగీ తీసిచ్చినాడు.

డాక్టరమ్మ పాత లుంగీనీ, మగ్గం నిలిచే ముందు నేసినదాన్నీ బల్ల మీద పక్కపక్కన పరిచింది. పాతది నిండా పొంగి నిదానంగా దిగింది. కొత్తది కొంచెం లేచి టక్కున పడిపోయింది.

"గాలి పోయే దారికి అడ్డమేమీ లేదు. ఊపిరితిత్తులే బిరుసెక్కి సాగడం లేదు," అనింది.

"గంజి ఎక్కువైన పడుగు మాదిరి," అన్నాడు జయరాములు.

"ఆమా, అవును, అదే," అనింది డాక్టరమ్మ.

రొమ్ము లోపలి గడ్డ నుంచి ముక్క తీసి చూసి, ఇది టీబీ కాదు, సార్కాయిడోసిస్ అనే వేరే జబ్బు, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు అని తేల్చినారు. మాత్రలు మార్చినారు. ఊపిరితిత్తుల్లో మచ్చ కట్టిన చోటు ఇంక సాగదని కూడా చెప్పినారు.

ఇప్పుడాయన నేసే లుంగీ పాతదాంట్లో ముక్కాలు భాగం ఎత్తు లేస్తాది. నాలుగు పోగులు నేసి ఆగుతాడు, మళ్ళీ నేస్తాడు. పడుగు పట్టేదానికి జనం వస్తా ఉండారు. సుబ్బరాయులు మాత్రం, వానికి టీబీ నయమైంది నా లుంగీతోనే అని ఈ పొద్దుకీ చెప్పుకుంటా తిరుగుతాడు. లుంగీ ఆయనిచ్చిందే, కాదనను. టీబీ మాట అబద్ధం. ఇది చదివినవాళ్ళు ఎవరైనా సరే, పొద్దున పడుగు చాచినప్పుడు వచ్చి, ఆ మాట ఆయన నోటితోనే దిద్దించండి. అప్పుడైతే అందరి చేతుల్లో పడుగు ఉంటాది. వదిలిపెట్టి పోయేదానికి ఆయనకూ వీలుండదు.